బెత్తం పోయింది, బోర్డు మీద పేరు మిగిలింది

చిన్న తరగతులకు చెప్పే టీచర్లు నలుగురు కలిస్తే మాట తొందరగానే అల్లరి మీదికి మళ్లుతుంది. మాట వినని పిల్లవాణ్ని ఏం చేయాలి? పక్కవాళ్లని గిల్లే పిల్లని ఎలా ఆపాలి? పుస్తకాలు తీయండి అంటే పావుగంట పట్టే తరగతిని ఎలా దారిలో పెట్టాలి? బుద్ధిగా ఉన్నవాళ్లకి స్టిక్కర్లు ఇవ్వడం, అల్లరి చేసినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం సబబేనా అన్నది వీటికి తోడైన వాదన. ఈ చిక్కు ఈ తరం పిల్లలతోనే వచ్చిందని చాలామంది అంటారు. నిజానికి దీని వయసు రెండు వందల ఏళ్ల పైమాటే.

అంతకు ముందు ఉన్న జవాబు బెత్తం ఒక్కటే. దాన్ని తప్పుపట్టినవాళ్లు అప్పుడూ ఉన్నారు. ఒకటో శతాబ్దంలోనే రోమన్ గురువు క్వింటిలియన్ పిల్లల్ని కొట్టడం అవమానకరమని, దెబ్బలకు అలవాటుపడిన పిల్లవాడు మొండికేస్తాడని రాశాడు. వినిపించుకున్నవాళ్లు తక్కువ. ఆ రోజుల్లో గురువు ఒక్కొక్క పిల్లవాణ్ని దగ్గరికి పిలిచి పాఠం ఒప్పజెప్పించుకునేవాడు. మిగతావాళ్లు ఖాళీగా కూర్చోవాలి. ఖాళీగా కూర్చున్న పిల్లలు అల్లరి చేయకుండా ఎలా ఉంటారు?

పిల్లల సంఖ్య పదుల నుంచి వందలకు పెరిగాక ఆ పద్ధతి కుదరలేదు. 1789లో మద్రాసులోని ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల కోసం పెట్టిన ఆశ్రమ పాఠశాలను ఆండ్రూ బెల్ అనే మతగురువు చేతిలోకి తీసుకున్నాడు. ఇక్కడి వీధిబడుల్లో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి దాన్ని తన బడిలో పెట్టాలనుకున్నాడు. కింది ఉపాధ్యాయులు ససేమిరా అంటే, ఎనిమిదేళ్ల కుర్రాడికి ఆ పని అప్పజెప్పాడు. కుర్రాడు చక్కగా నెగ్గుకొచ్చాడు. పిల్లలే పిల్లలకు చెప్పే పద్ధతి అలా మొదలైంది. లండన్‌లో జోసెఫ్ లాంకాస్టర్ 1798 నుంచి ఇదే దారిలో ఒక్క హాల్లో వందల మందిని కూర్చోబెట్టాడు.

లాంకాస్టర్ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇవాళ్టి తరగతి గదిలో ఉన్న మంచీ చెడూ రెండూ ఆయన హాల్లో కనిపిస్తాయి. ప్రతి వస్తువుకూ ఒక చోటు ఉండాలి, ప్రతి వస్తువూ దాని చోట ఉండాలి అన్నది ఆయన నియమం. పలక ఎప్పుడు తీయాలి, ఎప్పుడు చూపించాలి, ఎటు తిరిగి నడవాలి, అన్నిటికీ సైగలు ఉండేవి. టోపీలు ఎక్కడ పెట్టాలన్న గొడవ లేకుండా తాడు కట్టి వీపున వేలాడదీసుకోమన్నాడు. వందల మంది పిల్లలున్న హాల్లో ఆ చిన్న ఏర్పాటు ఎంత గందరగోళాన్ని తప్పించి ఉంటుందో పిల్లలతో రోజూ పనిచేసేవాళ్లకి చెప్పక్కర్లేదు. లాంకాస్టర్ క్వేకర్ అనే శాంతివాద క్రైస్తవ శాఖవాడు, కొట్టడానికి వ్యతిరేకి. మరి మాట విననివాళ్లనేం చేశాడు? మెడకు కొయ్యదుంగ తగిలించాడు. బుట్టలో కూర్చోబెట్టి అందరూ చూసేలా పైకప్పుకు వేలాడదీశాడు. బాగా ఉన్నవాళ్ల ఛాతీ మీద బిళ్లలు, చేతికి బహుమతి టికెట్లు. దెబ్బ పోయింది, దాని చోట సిగ్గు వచ్చి కూర్చుంది. పనులకు ఒక పద్ధతి నేర్పడం, పిల్లవాణ్ని పదిమందిలో నిలబెట్టడం ఒకదానితో ఒకటి పెనవేసుకుని బడిలోకి వచ్చాయి. ఆ ముడి విప్పడానికి చాలా కాలం పట్టింది. నా దృష్టిలో అది ఇప్పటికీ పూర్తిగా వీడలేదు.

1848లో బోస్టన్‌లోని క్విన్సీ పాఠశాల కట్టడంతో ఒక్కో తరగతికి ఒక్కో గది, ఒక్కో పిల్లవాడికి ఒక్కో బల్ల అన్న నమూనా అమెరికాలో వ్యాపించింది. నేలకు బిగించిన ఆ బల్లల వరసల్లో నిశ్శబ్దమే క్రమశిక్షణ అయిపోయింది.

1907 చిత్రమైన ఏడాది. అమెరికాలో విలియం బాగ్లీ తరగతి నిర్వహణ మీద ఒక పాఠ్యగ్రంథం తెచ్చాడు. బడి తెరిచిన మొదటి రోజు నుంచే కూర్చోవడం, లేవడం, కాగితాలు పంచడం అలవాటుగా మారేదాకా సాధన చేయించాలని చెప్పాడు. పిల్లలు ఎదురు ప్రశ్న లేకుండా విధేయంగా ఉండాలన్నాడు. అదే ఏడాది జనవరిలో రోమ్‌లోని శాన్ లోరెంజో పేటలో మారియా మాంటిస్సోరి చిన్నపిల్లల కోసం బాలల నిలయం అనే తన మొదటి బడి తెరిచింది. బల్లలకు అతుక్కుని కూర్చున్న పిల్లల్ని ఆమె సూదులు గుచ్చిన సీతాకోకచిలుకలతో పోల్చింది. దాంతో మాంటిస్సోరి అంటే పిల్లల్ని ఇష్టం వచ్చినట్టు వదిలేయడమని కొందరు అపోహపడతారు. కానీ ఆమె తరగతిలో కుర్చీని చప్పుడు లేకుండా ఎలా మోయాలి, చాపను ఎలా చుట్టాలి, వస్తువును తీసిన చోటే ఎలా పెట్టాలి అన్నది ఓపిగ్గా చేసి చూపించి నేర్పేవారు. పద్ధతి విషయంలో ఆమె బాగ్లీకి ఏమాత్రం తీసిపోదు. బెదిరింపు, బహుమతి రెండింటినీ పక్కన పెట్టడమే ఆమె తెచ్చిన మార్పు.

బెత్తాన్ని చట్టాలు మెల్లగా బయటికి పంపాయి. పోలండ్ 1783లోనే నిషేధించింది. స్వీడన్ 1979లో ఇంట్లో కూడా కొట్టకూడదంది. 1989 నాటి ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడిక బడిలో క్రమశిక్షణ పిల్లల గౌరవానికి భంగం కలిగించరాదని 28వ అధికరణంలో రాసింది. భారత్‌లో 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. అయితే కొట్టొద్దని చెప్పినంత గట్టిగా, మరేం చేయాలో టీచర్లకు ఎవరూ చెప్పలేదు.

ఆ ఖాళీలోకి బహుమతులు వచ్చాయి. 1969లో అమెరికాలో ఒక నాలుగో తరగతిని రెండు జట్లుగా చేసి ఒక ఆట ఆడించారు. జట్టులో ఎవరు నియమం తప్పినా ఆ జట్టుకు ఒక గీత పడుతుంది. గీతలు తక్కువున్న జట్టుకు ఆటకు అదనపు సమయం, భోజనానికి ముందుగా వెళ్లే అవకాశం. అల్లరి గణనీయంగా తగ్గింది. బాల్టిమోర్‌లో 1980ల్లో ఒకటో తరగతిలో ఈ ఆట ఆడిన పిల్లల్ని పెద్దయ్యాక మళ్లీ పరిశీలిస్తే, చిన్నప్పుడు బాగా దూకుడుగా ఉన్న మగపిల్లల్లో మత్తుపదార్థాల సమస్యలు తక్కువగా కనిపించాయి. ఇది కొట్టిపారేయదగ్గ ఫలితం కాదు. 1976లో లీ కాంటర్, మార్లీన్ కాంటర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి వేరు: తప్పు చేసినవాడి పేరు బోర్డు మీద, మళ్లీ చేస్తే పేరు పక్కన టిక్కు, టిక్కులు పెరిగితే శిక్షా పెరుగుతుంది. వేల బడులకు పాకింది. లాంకాస్టర్ బుట్ట పైకప్పు దిగి నల్లబల్ల మీదికి వచ్చిందని నాకనిపిస్తుంది. బహుమతుల మీదా అనుమానాలు లేకపోలేదు. 1973లో బొమ్మలు వేయడం ఇష్టపడే చిన్న పిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే పత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. తర్వాత స్వేచ్ఛగా వదిలేస్తే, మిగతావాళ్ల కంటే వాళ్లే బొమ్మల జోలికి తక్కువగా వెళ్లారు.

అసలు ప్రశ్నను మార్చినవాడు అమెరికన్ మనస్తత్వవేత్త జేకబ్ కౌనిన్. కాలేజీలో తను పాఠం చెబుతుంటే పేపరు చదువుకుంటున్న ఒక విద్యార్థిని మందలించాడు. మిగతావాళ్లంతా ఒక్కసారిగా సర్దుకుని కూర్చున్నారు. ఒకరిని అంటే అందరి మీదా పడే ఆ ప్రభావం ఎప్పుడు పనిచేస్తుందో తేల్చాలనుకున్నాడు. పదుల కొద్దీ ప్రాథమిక తరగతుల్ని వీడియో తీసి, టీచర్లు ఎలా మందలిస్తున్నారో వరసపెట్టి చూశాడు. 1970లో పుస్తకంగా వచ్చిన ఫలితం ఆయన ఆశించింది కాదు. గట్టిగా అన్నా మెత్తగా అన్నా, మందలించే తీరుకూ తరగతి నడిచే తీరుకూ సంబంధమే దొరకలేదు. బాగా నడిచే తరగతుల్లో తేడా అంతా మందలింపుకు ముందే ఉంది. ఆ టీచర్లు బోర్డు మీద రాస్తున్నా వెనక బెంచీలో ఏం జరుగుతోందో తెలిసినట్టే ఉండేవాళ్లు, పిల్లలకూ ఆ సంగతి తెలిసేది. ఒక గుంపుతో చదివిస్తూనే ఇంకో పిల్లవాడి సందేహం తీర్చేవాళ్లు. పాఠం నుంచి పాఠానికి మారేటప్పుడు తెగిపోనిచ్చేవాళ్లు కాదు. నడవని తరగతిలో ఏమవుతుందంటే, లెక్క మధ్యలో టీచర్ కంట నేల మీది కాగితం ముక్క పడుతుంది. ఎవరు పడేశారు, ఎందుకు తీయలేదు అని అడిగి మళ్లీ లెక్క దగ్గరికి వచ్చేసరికి తరగతి చేజారిపోతుంది.

పదేళ్ల తర్వాత, 1980లో, ఎమ్మర్, ఎవర్ట్‌సన్, ఆండర్సన్ అనే పరిశోధకులు 27 మంది మూడో తరగతి టీచర్లను బడి తెరిచిన రోజు నుంచి గమనించారు. ఏడాదంతా తరగతి చక్కగా నడిపినవాళ్లు మొదటి వారాల్లోనే రోజువారీ పనులను పాఠంలాగే నేర్పారు. ఉదాహరణకు నోట్‌బుక్కులు అప్పగించడం. “తెచ్చి ఇవ్వండి” అంటే ముప్పై మంది ఒకేసారి లేస్తారు. అదే, వరసలో చివరివాడు తన పుస్తకం ముందువాడికి అందిస్తాడు, వాడు తనది దాని పైన పెట్టి ముందుకు పంపుతాడు, మొదటి బెంచీలో ఉన్నవాడు మొత్తం తెచ్చి బల్ల మీద పెడతాడు. ఒకసారి చేసి చూపించాలి, చేయించాలి, తేడా వస్తే కోప్పడకుండా ఇంకోసారి చేయించాలి. వారం తిరిగేసరికి ఆ పని నిమిషంలో అయిపోతుంది, ఎవరినీ పేరు పెట్టి అరవాల్సిన అవసరం రాదు.

ఇంత తెలిసినా బడుల్లోకి వేగంగా వెళ్లింది పాయింట్ల పద్ధతే. 2011లో మొదలైన క్లాస్‌డోజో లాంటి యాప్‌లు ప్రతి పిల్లవాడి పాయింట్లనూ తెర మీద చూపించగలవు. గోడ చార్టు మీద పిల్లవాడి పేరున్న క్లిప్పు ప్రవర్తనను బట్టి పైకీ కిందికీ జరుగుతుంటుంది. చార్టు ఒక పూటలో తగిలించుకోవచ్చు, యాప్ అయిదు నిమిషాల్లో దించుకోవచ్చు. పద్ధతులు నేర్పడానికి మాత్రం బడి తెరిచిన మొదటి రెండు మూడు వారాలు కావాలి, ఆ రోజుల్లోనే సిలబస్ ఎంతవరకు వచ్చిందని అడిగితే ఏ టీచరూ ఆ పనికి పూనుకోదు. ఆ వారాలకు టైంటేబుల్లోనే చోటివ్వాల్సింది ప్రధానోపాధ్యాయులు, విద్యాశాఖ అధికారులు. టీచర్ శిక్షణలో పాఠ్య ప్రణాళిక రాయించినట్టే, మొదటి వారంలో ఏ పని ఏ రోజు ఎలా నేర్పుతారో కూడా రాయించి, నిజమైన తరగతిలో చేయించి చూడాలి.