చైనా 8.47 కోట్లు, భారత్ 1.33 కోట్లు: నాటిన అడవుల లెక్క ఎక్కడ తేడా కొట్టింది?

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) 2000 నాటి అడవుల నివేదికలో నాటి పెంచిన అడవి చైనాకు 4.5 కోట్ల హెక్టార్లు, మనకు 3.26 కోట్ల హెక్టార్లు. 2020 నివేదికలో చైనాకు 8.47 కోట్లు, మనకు 1.33 కోట్లు. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే ఇరవయ్యేళ్లలో మనవాళ్లు దాదాపు రెండు కోట్ల హెక్టార్లు నరికేశారనిపిస్తుంది. అంత నరుకుడు ఎక్కడా జరగలేదు. 2010 నివేదికకే మన అంకె 1.02 కోట్లకు దిగింది; లెక్క కట్టే తీరు మారింది, అంతే.

మన పాత అంకె ఏటా నాటామని రాసుకున్న విస్తీర్ణాలను కూడుకుంటూ పోగా వచ్చింది. 1980లలో సామాజిక అడవుల పథకం జోరుగా సాగినప్పుడు నర్సరీల నుంచి రైతులకు మొక్కలు పంచేవారు. పంచిన ప్రతి 2000 మొక్కలను ఒక హెక్టారుగా రాసుకునేవారు. రెండున్నర మీటర్లకు రెండు మీటర్ల ఎడంతో నాటితే హెక్టారుకు సరిగ్గా 2000 మొక్కలు పడతాయి కాబట్టి కాగితం మీద లెక్క బాగానే ఉంటుంది. కానీ ఆ మొక్కలు పొలం గట్ల మీద వరసగా పడ్డా హెక్టారే, మొదటి ఎండాకాలానికే ఎండిపోయినా హెక్టారే. చచ్చిన చోటే మళ్లీ నాటితే అదింకో హెక్టారు.

చైనా పెరుగుదల మాత్రం చాలావరకు నిజమే. ఉత్తరాన ఎడారిని ఆపే చెట్ల పట్టీ 1978లో మొదలైంది, 2050 దాకా సాగాలి. 1981లో పదకొండేళ్లు దాటిన ప్రతి పౌరుడూ ఏటా మూడు నుంచి ఐదు మొక్కలు నాటాలని తీర్మానించారు. అయితే అసలు మలుపు 1998 యాంగ్జీ నది వరదలు. అలాంటి వరదలను తగ్గించేందుకు ఆ మరుసటి ఏడాది నుంచి, ముఖ్యంగా 25 డిగ్రీలకు మించి వాలున్న కొండ చేలను వదిలి చెట్లు పెంచే రైతుకు ప్రభుత్వం తిండిగింజలిచ్చింది: యాంగ్జీ ప్రాంతంలో హెక్టారుకు ఏటా 22.5 క్వింటాళ్లు, పసుపు నది ప్రాంతంలో 15 క్వింటాళ్లు. పైన 300 యువాన్ల నగదు, మొక్కలకు విడిగా 750 యువాన్లు. ఈ సాయం నేల రక్షణ కోసం పెంచే అడవైతే ఎనిమిదేళ్లు, పండ్ల తోటల్లాంటి ఆదాయమిచ్చేవైతే ఐదేళ్లు. మన పథకాల్లో మొక్క ఉచితమే. అది ఎదిగేదాకా రైతు ఏం తినాలన్న ప్రశ్నకు ఇలాంటి జవాబు లేదు. తేడా అక్కడే ఉందని మా అభిప్రాయం.

అలాగని చైనా లెక్కలో మెలికలు లేవని కాదు. నేలలో 30 శాతం మీద చెట్ల నీడ పడితేనే అడవి అన్న నియమాన్ని 1994లో 20 శాతానికి దించారు. ఒక్క చెట్టూ కొత్తగా నాటకుండానే అడవి పెరిగింది. పండ్ల తోటలూ వాళ్ల దేశీయ లెక్కలో అడవే. నాటినవన్నీ నిలవనూ లేదు: వాయవ్య చైనాలోని నింగ్‌షియాలో బారులుగా వేసిన పోప్లార్ చెట్లను కాండం తొలిచే పురుగు పట్టి పెద్ద సంఖ్యలో కొట్టేయాల్సి వచ్చింది. ఒకే రకం చెట్టు మైళ్ల కొద్దీ వేస్తే పురుగుకు అడ్డేముంటుంది?

ఏళ్ల వెంబడి పోల్చాలంటే రెండు వేర్వేరు నివేదికల అంకెలు తీసుకోకూడదు. ఎఫ్‌ఏఓ ప్రతిసారీ 1990 నుంచి మొత్తం వరసను తిరగరాస్తుంది. అన్ని అంకెలూ తాజా నివేదికలోంచే తీయాలి. మన ప్రభుత్వ అటవీ నివేదికను ఎఫ్‌ఏఓ అంకెలతో కలపడం ఇంకా ప్రమాదం. మన నివేదికలో హెక్టారు విస్తీర్ణం, పది శాతం నీడ ఉంటే చాలు, చెట్టు ఏదైనా, నేల ఎవరిదైనా అడవి విస్తీర్ణమే. అందుకే కోనసీమ కొబ్బరి తోట, నూజివీడు మామిడి తోట అందులో పచ్చగా కనిపిస్తాయి. ఎఫ్‌ఏఓ దృష్టిలో అవి వ్యవసాయం. నందిగామ వైపు కాగితం మిల్లు కోసం వేసిన సుబాబుల్ తోట దీనికి తలకిందులు: కొట్టిన ఏడాది ఉపగ్రహ చిత్రంలో అది బోడి నేల, మొదళ్లు చిగురించి మళ్లీ ఎదుగుతాయి గనక ఎఫ్‌ఏఓ నిర్వచనంలో అప్పుడూ అడవే.