మడాకులో బూజు, గుంటలో ఈహెచ్‌పీ: అపోహలు – వాస్తవాలు

ఈహెచ్‌పీ అంటే గుంటలో రొయ్యను ఎదగనివ్వని జబ్బు. దాని గురించి ఈ నెలలో ఇది నాలుగో ఫోను. "మేడమ్, మా గట్టు పక్కన మడచెట్లుండాయి. వాటి లోపల్నే బూజు ఉంటాదంట గదా. కొట్టించేస్తే ఈహెచ్‌పీ పోతాదా?" ముత్తుకూరు నుంచి ఒకరు, విడవలూరు నుంచి ఇద్దరు, కొత్తపట్నం వైపు నుంచి ఒకరు. అందరి ఫోనులోనూ ఒకటే ఫొటో. గాజు ప్లేటులో ఆకు ముక్కలు, వాటి చుట్టూ దూదిలాంటి తెల్లటి బూజు.

ఆ ప్లేటు నాది. మడ (మాంగ్రోవ్) ఆకుల లోపలి ఫంగస్‌ను, అంటే బూజును, ల్యాబులో పెంచి చూడటం నా పని. రైతుల మీటింగులో చూపించాను. ఎవరో ఫొటో తీసుకున్నారు, ఇంకెవరో దాని కింద "ఈహెచ్‌పీ పుట్టేది ఇక్కడే" అని రాసి పంపారు. కాబట్టి సమాధానం చెప్పాల్సింది కూడా నేనే.

అపోహ: మడచెట్టు లోపలి ఫంగస్ గుంటలో పడి ఈహెచ్‌పీ అవుతుంది.

అవదు. ఈ మాట ఎలా పుట్టిందో మాత్రం నాకు తెలుసు. ఈహెచ్‌పీ మైక్రోస్పోరిడియా అనే సూక్ష్మ పరాన్నజీవుల వర్గానిది, దాన్ని ఫంగస్‌కు దగ్గరి చుట్టంగానే లెక్కగడతారు. ఆ ఒక్క ముక్క పట్టుకుని "ఫంగస్ జబ్బు" అన్నారు. మడాకులో ఫంగస్ ఉందని నేను చూపించాను. రెండూ ముడిపెట్టేశారు.

ఈహెచ్‌పీ పెరిగేది రొయ్య హెపటోపాంక్రియాస్ (కాలేయంలాంటి జీర్ణ గ్రంథి) కణాల లోపలే. బయట పడితే స్పోరుగా, అంటే విత్తనంలాంటి గట్టి రూపంలో, కాచుకుని ఉంటుంది తప్ప పెరగలేదు. నా ప్లేటు మీద వేసినా మొలవదు, మడాకులోనూ మొలవదు. ఆకులోని ఎండోఫైట్లు, అంటే చెట్టుకు జబ్బు చెయ్యకుండా దాని లోపలే బతికే ఫంగస్‌లు, అలా కాదు. బంగాళాదుంప రసం, చక్కెర కలిపిన అగార్ జెల్లీ ఇస్తే కొన్ని రోజుల్లోనే ముక్క కోసిన అంచుల్లోంచి దారాలు సాగుతాయి. ఫోమాప్సిస్, పెస్టలోషియాప్సిస్, కొల్లెటోట్రైకం, ఇలాంటి ఫంగస్‌లు. ఇవి మారి ఈహెచ్‌పీ కావడమంటే చింతచెట్టుకు మామిడికాయలు కాయడమే.

ఈహెచ్‌పీకి 2009లో పేరు పెట్టింది థాయిలాండ్ టైగర్ రొయ్యలో చూసి. అది మన గుంటలోకి వచ్చే దారులు తెలిసినవే: హేచరీ నుంచి తెచ్చే సీడ్ (రొయ్య పిల్లలు), పోయిన పంట అడుగు బురద, జబ్బు రొయ్య రెట్ట, చచ్చినదాన్ని పీక్కుతినే రొయ్యలు. హేచరీలో తల్లి రొయ్యలకు బతికున్న పాలీకీట్ పురుగులు మేపితే అదొక దారి.

కండలేరు క్రీకు ఒడ్డున ఒక పెద్దాయన నాకు ఫోను చెయ్యకముందే పొక్లెయిన్ పెట్టించి గట్టు వెంట ఉన్న తెల్లమడ రెండు వరసలూ పీకించేశాడు. నేను వెళ్లేసరికి వేర్లు ఎండకు తేలి ఉన్నాయి. కార్తీకం వానలకు ఆ గట్టు మూడు చోట్ల జారింది. మట్టి తోలించడానికి మళ్లీ అప్పు. తర్వాత వేసిన వెనామీ రొయ్య అరవై రోజులైనా 200 కౌంటు (కిలోకు 200 రొయ్యలు) దగ్గరే ఆగిపోయింది. మేత తింటాయి, పెరగవు, ఒకదానికొకటి సైజు పొంతన ఉండదు. క్రిమి జన్యువును పట్టే పీసీఆర్ టెస్టు చేయిస్తే ఈహెచ్‌పీ. "సీడ్ టెస్టు చేయించారా?" అంటే, "తెలిసిన హేచరీనే గదమ్మా" అన్నాడు.

ఆయన మీద కోప్పడలేకపోయాను. 1994–95లో టైగర్ రొయ్యకు తెల్లమచ్చ వైరస్ జబ్బు తగిలి ఈ తీరంలో గుంటలు ఖాళీ అయినప్పుడు మా నాన్న కూడా ఎవరేం చెబితే అది చేశారు. గుంటలో ఏవేవో పోశారు, గట్టు మీద గుమ్మడికాయ కొట్టారు. రాత్రంతా నిద్రపోకుండా నీళ్లకేసి చూస్తూ కూర్చునే మనిషి, చేతికందిన గడ్డిపోచనైనా పట్టుకుంటాడు. నా కోపమంతా ఆ గడ్డిపోచ పంపినవాళ్ల మీద.

ఆ పొక్లెయిన్ డబ్బుతో చేయాల్సినవి వేరే ఉన్నాయి. వేసేముందు సీడ్‌కి పీసీఆర్ చేయించండి, పాజిటివ్ వస్తే ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు. పోయిన పంటలో జబ్బు ఉంటే గుంట ఎండబెట్టి, కాల్చిన సున్నం హెక్టారుకు 6 టన్నులు, అంటే ఎకరాకు దాదాపు రెండున్నర టన్నులు, వేసి 10–12 సెంటీమీటర్ల లోతున దున్ని తడపండి. మట్టి పీహెచ్ 12 దాకా ఎక్కాలి. నాలుగు బస్తాలు చల్లితే ఆ స్పోరు చావదు.

చెట్టు కొట్టకుండా కార్బెండజిం అనే ఫంగస్ మందు పిచికారీ చేద్దామనుకునేవాళ్లకు కూడా ఇదే జవాబు. ఎండోఫైట్లు గాలిలో, వానలో కొట్టుకొచ్చే స్పోర్ల నుంచి మళ్లీ ఆకులోకి చేరతాయి. మందు మాత్రం మీ గుంటలో పడుతుంది. ఇంకొకటి, మడ అడవి తీరప్రాంత నియంత్రణ నిబంధనల్లో సీఆర్‌జెడ్-1ఏ కిందికి వస్తుంది. దాన్ని నరికితే కేసవుతుంది.

ఆకు కుప్పలుగా గుంటలో పడి కుళ్లితే ఆక్సిజన్ తగ్గే మాట నిజమే. దానికి వల కట్టుకుంటే చాలు.

అపోహ: లోపల ఫంగస్ ఉందంటే చెట్టుకు జబ్బే.

ఎండోఫైట్ అన్న మాట 1866లో జర్మన్ శాస్త్రవేత్త డి బారీ కాలం నుంచే ఉంది. మీ వేపచెట్టులో, వరిలో కూడా ఇవి ఉంటాయి. 1998లో శాస్త్రవేత్త సూర్యనారాయణన్ బృందం తమిళనాడులోని పిచ్చావరం మడల మీద చేసిన పని చూడండి, అవి నిక్షేపంగా ఉన్న చెట్ల ఆకులే. ఆకు రాలాక వీటిలో కొన్ని దాన్ని కుళ్లబెట్టే పనిలో ముందుంటాయి. ఆ కుళ్లిన ఆకు పీతలకు, రొయ్య పిల్లలకు మేత.

అపోహ: ఆకు శుభ్రంగా కడిగితే లోపలి ఫంగస్ పోతుంది.

70 శాతం ఆల్కహాల్, ఆపైన బ్లీచింగ్ ద్రావణంలో ముంచి కడిగాకే మేం ముక్క కోస్తాం. అలా కడిగిన ఆకును ఖాళీ ప్లేటు మీద అద్ది చూస్తాం. అందులో ఏమీ మొలవకపోతేనే, వచ్చిన బూజు లోపలిదని నమ్ముతాం.

అపోహ: మడచెట్టు ఉప్పునీళ్లు తట్టుకునేది ఫంగస్ వల్లే.

చెట్టుకే ఆ ఏర్పాటు ఉంది: తెల్లమడకు ఆకుల మీద ఉప్పు కక్కే గ్రంథులున్నాయి. ఎండపూట ఒక ఆకు నాకి చూడండి.

అపోహ: మడాకు కషాయం తాగితే క్యాన్సర్ తగ్గుతుంది.

1993లో యూ చెట్టు లోపలి ఫంగస్ టాక్సాల్ అనే క్యాన్సర్ మందును చేస్తుందని స్ట్రోబెల్, స్టీర్లే బృందం చెప్పింది. అది లీటరుకు నానోగ్రాముల్లో దొరికిన సంగతి ఎవరూ చెప్పరు. ల్యాబులో ఫంగస్ నుంచి తీసిన పదార్థం వేరు, ఆకు మరగబెట్టిన నీళ్లు వేరు. పాకల నుంచి ఒక అబ్బాయి వాళ్లమ్మ కోసం మడ అనుకుని తిల్ల అనే విషపు చెట్టు కొమ్మలు విరుచుకొచ్చాడు. తిల్ల పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఆ కొమ్మలు దూరంగా పడేయించి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగించి, వాళ్లమ్మను డాక్టరు చెప్పిన తేదీకే తీసుకెళ్లమని పంపాను.