పాట్స్‌క్వరో వెళ్తున్నారా? ముందు ఈ అపోహలు వదిలించుకోండి

మెక్సికో అనగానే మనవాళ్ళకు కాన్‌కూన్ బీచే కళ్ళముందు కదులుతుంది. ఆ లెక్కన బట్టలు సర్దుకుని మిచోవకాన్ రాష్ట్రంలోని పాట్స్‌క్వరోలో దిగినవాళ్ళు మొదటి రాత్రే దుప్పటి కోసం వెతుక్కుంటారు.

అపోహ: మెక్సికో కదా, ఎండలు మండిపోతాయి.

వాస్తవం: ఈ ఊరు 2,100 మీటర్ల పైన ఉంది. దాదాపు ఊటీ ఎత్తు. నవంబరు తెల్లవారుజామున చలి 5 డిగ్రీల దాకా దిగుతుంది. మందపాటి మట్టిగోడల పాత ఇళ్ళనే హోటళ్ళుగా మార్చారు కాబట్టి చాలా గదుల్లో హీటరు ఉండదు. గది బుక్ చేసేటప్పుడే అడగండి. జూన్ నుంచి అక్టోబరు దాకా వానలు, అవీ ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే. పడవ ప్రయాణం పొద్దున్నే పెట్టుకోవాలి.

అపోహ: కిటికీ తెరిస్తే పాట్స్‌క్వరో సరస్సు.

వాస్తవం: ఊరి నడిబొడ్డున ఉన్న వాస్కో దె కిరోగా చౌక్ నుంచి పడవల రేవు మూడు నాలుగు కిలోమీటర్లు. టాక్సీ గానీ, మన షేర్ ఆటోలా తిరిగే 'కోంబీ' వ్యాను గానీ ఎక్కాలి. సరస్సు బాగా కుంచించుకుపోయింది, నీళ్ళు ఈతకు పనికిరావు. రేవు నుంచి హనీట్సియో దీవికి అరగంట. దీవి మీద బండ్లు తిరగవు, అంతా మెట్లే. కొండ కొనన మెక్సికో స్వాతంత్ర్య యోధుడు మోరేలోస్ 40 మీటర్ల విగ్రహం, దాని కడుపులో మళ్ళీ మెట్లు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను పైదాకా లాక్కెళ్ళకండి. పోస్టుకార్డుల్లో కనిపించే సీతాకోకచిలుక వలల జాలర్లు ఇప్పుడు చేపలకు కాదు, పడవల్లో వచ్చే మనకోసమే వలలు ఎత్తుతారు. ఫొటో తీశాక చిల్లర ఇవ్వడం మర్యాద.

అపోహ: 'చనిపోయినవాళ్ళ రోజు' అంటే హాలోవీన్ లాంటి వేషాల పండగ.

వాస్తవం: మన పితృపక్షానికే ఇది దగ్గర. చిన్నప్పుడే పోయిన పిల్లల కోసం ముందు, పెద్దవాళ్ళ కోసం నవంబరు 1 రాత్రి నుంచి 2 తెల్లవారేదాకా సమాధుల దగ్గర కూర్చుంటారు. కొవ్వొత్తులు, పోయినవాళ్ళకు ఇష్టమైన వంటలు, రొట్టె, బంతిపూలు. అన్నట్టు బంతి పుట్టిల్లు మెక్సికోనే. మన బతుకమ్మలోకి వచ్చింది అక్కడి నుంచే. ఆ రాత్రి హనీట్సియోకు పడవ దొరకడం గగనం, చిన్న శ్మశానంలో కాలు పెట్టే చోటుండదు. సరస్సు దగ్గరే ఉన్న ట్సింట్సున్‌ట్సాన్ ఊరు మేలు: రోడ్డుకు అటూ ఇటూ రెండు శ్మశానాలు, మనుషులు విడిపోతారు. ఫ్లాష్ ఆపేయండి, అడగకుండా ఎవరి మొహం మీదా కెమెరా పెట్టకండి. గది నెలల ముందే తీసుకోవాలి.

అపోహ: 'మాంసం వద్దు' అంటే శాకాహారం వచ్చేస్తుంది.

వాస్తవం: ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. స్పానిష్‌లో మాంసానికి వాడే 'కార్నె' అంటే జనం వాడుకలో గొడ్డుమాంసం, పందిమాంసం. కోడి ఆ లెక్కలోకి రాకపోవచ్చు. 'సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో' (మాంసం, కోడి, చేప లేకుండా) అని మూడూ చెప్పాలి. అయినా కంటికి కనిపించనివి రెండున్నాయి. అన్నం చాలాచోట్ల కోడి రసంలో ఉడుకుతుంది. బీన్స్, మొక్కజొన్న ఆకులో చుట్టిన ముక్కోణపు 'కొరుందా' తరచు పందికొవ్వుతో చేస్తారు. 'సిన్ కాల్దో దె పోయో, సిన్ మాంతేకా' అని అడగండి. ఇక్కడి తరాస్కన్ (పురేపెచా) జనం పేరు మీద ఉన్న 'సోపా తరాస్కా' బీన్స్ చారే అయినా అందులోనూ కోడి రసం పడొచ్చు. నిశ్చింతగా తినగలిగేది మొక్కజొన్న రొట్టె 'తోర్తీయా': సున్నపు నీళ్ళలో గింజ ఉడికించి, నానబెట్టి, పొట్టు కడిగి రుబ్బిన పిండి, అంతే. ఆ సున్నం మన తాంబూలంలోకి వేసుకునే రకమే. గుమ్మడిపువ్వు, చీజ్ పెట్టి మడిచిన తోర్తీయా, అంటే 'కెసదీయా' అడగండి, కాల్చేటప్పుడు కొవ్వు రాయొద్దని చెప్పండి.

కారం మనకో లెక్కా అనుకుంటే 'చిలే పెరోన్' మిరపకాయ ఉంది. చూడ్డానికి చిట్టి క్యాప్సికమ్, కోస్తే గింజలు నల్లగా ఉంటాయి. గుంటూరు నాలుక కూడా తడబడుతుంది. మంట తగ్గడానికి చౌక్ వరండాల్లో అమ్మే 'నియేవె దె పాస్తా' ఐస్‌క్రీం తినండి.

అపోహ: డాలర్లు చెల్లుతాయి.

వాస్తవం: ధరల ముందు కనిపించే డాలర్ గుర్తు పెసోది. పడవకు, సంతకు పెసో నోట్లూ చిల్లరా కావాలి. ఏటీఎం తానే మారకం రేటు చూపించి 'ఒప్పుకుంటారా' అంటే వద్దని నొక్కండి. మీ బ్యాంకు రేటే సాధారణంగా నయం.

అపోహ: హెచ్1బి ఉంటే మెక్సికో వీసా అక్కర్లేదు.

వాస్తవం: మినహాయింపు పాస్‌పోర్టులో గడువు తీరని అమెరికా వీసా స్టాంపుకు. స్టాంపు గడువు దాటి, హెచ్1బి ఆమోదించినట్టు అమెరికా ఇచ్చే ఐ-797 కాగితం ఒక్కటే ఉంటే మెక్సికో వీసా తీసుకోవాల్సిందే. గ్రీన్‌కార్డుకు ఇబ్బంది లేదు, పాస్‌పోర్టుతో పాటు కార్డూ వెంట ఉండాలి.

ఇక భద్రత. మిచోవకాన్‌కు అమెరికా విదేశాంగ శాఖ అత్యున్నత స్థాయి హెచ్చరిక ఇచ్చింది, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. టికెట్ కొనే ముందు తాజా హెచ్చరిక చదవండి, మీ ప్రయాణ బీమా ఆ స్థాయిలో వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. వెళ్ళాలనే నిర్ణయించుకుంటే రాష్ట్ర రాజధాని మోరేలియా నుంచి గంట ప్రయాణం. పగటిపూట, చీకటి పడకముందే ఊరు చేరేలా చూసుకోండి.