వైబ్రేటర్ మోటార్ ట్రిప్ అవుతుంటే రిలే జోలికి వెళ్లకండి: అపోహలు - వాస్తవాలు

"రిలే వీక్ అయింది సార్, సెట్టింగ్ కాస్త పెంచితే ఆడుతుంది." వైబ్రేటర్ మోటార్ (జల్లెళ్లనూ, సరుకు జార్చే ఫీడర్లనూ ఊపే మోటార్) ట్రిప్ అయిన ప్రతిచోటా నాకు ముందుగా వినిపించేది ఈ మాటే. దయచేసి ఆ పని చేయకండి. కరెంటు మితిమీరితే మోటార్‌ను ఆపేసే ఓవర్‌లోడ్ రిలే, మోటార్ నేమ్‌ప్లేట్ మీద రాసిన ఆంపియర్ల దగ్గరే ఉండాలి. పెంచితే మోటార్ ఆడుతుంది నిజమే, వైండింగ్ మాడేదాకా.

చాలాసార్లు అసలు కారణం ప్యానెల్లో ఉండదు, మోటార్ కాళ్ల కింద ఉంటుంది. ఒక బోల్టు లూజయినా, బేస్ చదునుగా లేకపోయినా, ప్లేట్ పల్చగా ఉండి వంగుతున్నా మోటార్ అవసరానికి మించి ఊగుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది.

ఒక ఫ్యాక్టరీలో ఫీడర్ మోటార్‌ను ఎన్నిసార్లు రీవైండింగ్ చేయించినా మళ్లీ మాడిపోయేది. మాట తన మీదికే వస్తుందని మెయింటెనెన్స్ కుర్రాడు టెన్షన్‌తో నిద్ర కూడా పోవడం లేదు. బోల్టులు విప్పి చూస్తే బేస్ ప్లేట్ మీద ఒక మూల పాత వెల్డింగ్ గడ్డ, పైన పెయింట్ వేసేసి ఉంది. ఒక కాలు దాని మీద కూర్చుంటే పక్క కాలు కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) సులువుగా దూరుతోంది. గ్రైండర్‌తో చదును చేసి, కొత్త బోల్టులు టార్క్ రెంచ్‌తో బిగించాక మూడు ఫేజుల్లోనూ కరెంటు నేమ్‌ప్లేట్ అంకె కిందికి దిగింది. పాపం, ఆ అబ్బాయి తప్పేమీ లేదు.

బోల్టులు బిగించాక కాసేపు నడిపి, ఆపి, మళ్లీ బిగించాలి. మర్నాడు ఇంకోసారి చూడాలి. స్ప్రింగ్ వాషర్ వేశాం కదా అని ధీమాగా ఉండకండి.

వెయిట్లు (మోటార్ షాఫ్ట్ రెండు చివర్లా తిరుగుతూ ఊపు పుట్టించే బరువు ముక్కలు) పెంచితే సరుకు బాగా జారుతుందని ఇంకో నమ్మకం. పెంచితే కరెంటూ, బేరింగ్ మీద భారమూ పెరుగుతాయి. రెండు చివర్లా వెయిట్లు ఒకే సెట్టింగ్‌లో ఉండాలి. డ్రైవ్ (కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చే పరికరం) పెట్టి స్పీడు పెంచేవాళ్లు మరీ జాగ్రత్త: 50 నుంచి 60 హెర్ట్జ్‌కు వెళ్తే ఫోర్స్ 44 శాతం పెరుగుతుంది. ముందు వెయిట్లు తగ్గించాలి.

చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే మోటార్ పోయినట్టేనని కంగారు పడకండి. వీటిలో చాలావాటికి ఫ్యాన్ ఉండదు, బాడీనే వేడిని వదలాలి. 70 డిగ్రీలకే చెయ్యి కాలుతుంది, వైండింగ్‌కు ఉండే క్లాస్ ఎఫ్ రకం ఇన్సులేషన్ 155 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. థర్మామీటర్‌తో కొలిచి రాసుకోండి. మునుపటికన్నా పెరుగుతుంటే బాడీ మీద పేరుకున్న పొడి దులపండి. గ్రీజు ఎంత ఎక్కువ కొడితే అంత మంచిదనుకోవడమూ పొరపాటే, ఎక్కువైనా బేరింగ్ వేడెక్కుతుంది.

లోపం ఎక్కడుందో తేలకపోతే మెయిన్ ఆఫ్ చేసి, లాక్ వేసి, రెండు చివర్లా వెయిట్లు తీసేయండి. కవర్లు మూసి నడుపుతూ క్లాంప్ మీటర్‌తో (వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచేది) ఒక్కో ఫేజూ విడిగా చూడండి. కరెంటు బాగా తగ్గితే లోపం బేస్‌లోనో వెయిట్ల సెట్టింగ్‌లోనో ఉంది. అప్పటికీ ఎక్కువే ఉన్నా, ఫేజుల మధ్య తేడా కనిపించినా సప్లై, కాంటాక్టర్ (మోటార్‌కు కరెంటు కలిపే స్విచ్), స్టార్-డెల్టా కనెక్షన్ (వైండింగ్ కొసలు కలిపే తీరు), వైండింగ్ చూడాలి.