కారు మీద గన్ స్టికర్: అపోహలు - వాస్తవాలు

టెక్సాస్‌లోని డాలస్ పరిసరాల్లో హ్యాండ్‌గన్ లైసెన్స్ క్లాసులు చెప్పడం నా పని. ఈ మధ్య క్లాసుకొచ్చేవాళ్లలో మన తెలుగువాళ్లు బాగా పెరిగారు. గ్రీన్‌కార్డు చేతికొచ్చాక కొందరు, సిటిజెన్‌షిప్ వచ్చాక కొందరు మొదటి గన్ కొంటున్నారు. గన్‌తోనో, దానికి కొన్న సామానుతోనో కంపెనీ స్టికర్ కూడా ఉచితంగా వస్తుంటుంది. కొన్నాళ్లకు అది కారు వెనకద్దం మీద కనిపిస్తుంది. గన్ పెట్టుకోవడం మీ హక్కు. దాన్ని జాగ్రత్తగా వాడడం నేర్పడమే నా వృత్తి. ఆ స్టికర్ మాత్రం తీసేయమని ప్రతి బ్యాచ్‌కీ చెబుతాను. చెప్పినప్పుడల్లా నాకు ఎదురొచ్చే మాటలు ఇవి.

అపోహ: స్టికర్ చూస్తే దొంగ భయపడి పక్క కారుకి పోతాడు

మీరు సీట్లో కూర్చుని ఉండగా దొంగ రాడు. మీరు మాల్‌లోకో స్టేడియంలోకో వెళ్లారని, ఇప్పట్లో తిరిగి రారని తెలిశాకే వస్తాడు. ఖాళీ కారులో ఉన్న గన్‌కి ఎవరూ భయపడరు, దాని కోసం వెతుకుతారు. అప్పుడు మీ స్టికర్ వాడికి చెప్పేది ఒక్కటే: ఈ కారు అద్దం పగలగొడితే గన్ దొరకొచ్చు.

ఎఫ్‌బీఐకి చేరిన పోలీసు రికార్డులను బట్టి ఎవ్రీటౌన్ సంస్థ వేసిన లెక్క ప్రకారం, 2022లో చోరీ అయినట్టు నమోదైన తుపాకుల్లో సుమారు సగం కార్లలోంచి పోయినవే. అంతకు పదేళ్ల కిందట అది పావు వంతు. ఎవ్రీటౌన్ తుపాకుల నియంత్రణ కోరే సంస్థ కదా అని కొట్టిపారేసేవాళ్లు నా క్లాసులోనూ ఉంటారు. రికార్డులు మాత్రం పోలీసులవే.

నా దగ్గర నేర్చుకున్న ఒకాయన కారు చూశాను. వెనక తలుపు పక్కనుండే చిన్న అద్దం పగిలి, పిల్లల కార్ సీటు నిండా గాజు పెంకులు. ఆ సీటు పక్కనే లాప్‌టాప్ బ్యాగు జిప్పు కూడా తీయకుండా పడి ఉంది. ముందు సీట్ల మధ్య కన్సోల్ మూత మాత్రం స్క్రూడ్రైవర్‌తో పెకిలించినట్టు విరిగి ఉంది, లోపల హోల్‌స్టర్‌తో (గన్ పెట్టుకునే తొడుగు) సహా గన్ లేదు. వెనకద్దం మీద గన్ కంపెనీ లోగో అరచేతంత ఉంది. దొంగ ఆ లోగో చూసే వచ్చాడని నేను రుజువు చేయలేను. కానీ ఎక్కడ చూడాలో వాడికి తెలిసే వచ్చినట్టుందని ఆ కారు చూసిన ఎవరైనా అంటారు. ఆయన బాధ గన్ పోయినందుకు కాదు, అది ఎవరి చేతిలో పడి ఎవరి ప్రాణం మీదికి తెస్తుందోనని. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదన్నాడు. ఆ టెన్షన్ నా స్టూడెంట్లలో ఇంకెవరికీ రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

అసలు గన్ కారులో ఎందుకుంటుంది? టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, 21 ఏళ్లు నిండి చట్టపరంగా అడ్డంకులు లేనివాళ్లు లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ వెంట పెట్టుకోవచ్చు. అయినా స్కూళ్లు, కోర్టులు, ఫెడరల్ ఆఫీసుల లోపలికి కుదరదు. గన్ లోపలికి తేవద్దని చట్టంలోని 30.05, 30.06, 30.07 సెక్షన్ల కింద బోర్డులు పెట్టిన షాపులు, ఆఫీసులు, ప్రార్థనా స్థలాల్లోకీ కుదరదు. ఆఫీసు పార్కింగ్‌లో తాళం వేసిన సొంత కారులో గన్ ఉంచుకోవడానికి చాలామంది ఉద్యోగులకు 2011 నుంచి చట్టమే వీలు కల్పించింది. అంటే బోర్డు కనిపించిన ప్రతిచోటా గన్ నడుము మీంచి కన్సోల్‌లోకి మారుతుంది. ఈ సంగతి దొంగలకు మనకంటే బాగా తెలుసు.

దీనికి తోడు మనవాళ్ల కార్ల మీద ఇంకో అలవాటు చూస్తుంటాను. పాప చదివే స్కూలు పేరు, బాబు ఆడే సాకర్ టీము, జెర్సీ నంబరు, కింద కుటుంబం బొమ్మలు. వీటి పక్కనే గన్ లోగో. ఇంట్లో గన్ ఉంది, చిన్నపిల్లలున్నారు, ఫలానా స్కూలు పరిధిలో ఇల్లు అని ట్రాఫిక్‌లో మీ వెనకున్న ప్రతివాడికీ చెబుతున్నట్టే.

అపోహ: గన్ ఉందని తెలిస్తే రోడ్డు మీద ఎవరూ మన జోలికి రారు

1970ల్లో యూటా రాష్ట్రంలో దీని మీద పేరున్న ప్రయోగం ఒకటి జరిగింది. సిగ్నల్ పచ్చలైటు పడ్డా కదలని పికప్ ట్రక్కు, వెనక ర్యాక్‌లో రైఫిల్, బంపర్ మీద 'పగ' అని అర్థమొచ్చే స్టికర్. వెనకున్నవాళ్లు భయపడి ఊరుకోవాలి కదా? ఆ రెండూ కలిసి కనిపించినప్పుడే హారన్లు ఎక్కువ మోగాయి. తర్వాతి ప్రయోగాలన్నీ ఈ ఫలితాన్ని బలపరచలేదు, కాబట్టి దీన్నే పట్టుకుని వాదించను. కానీ బెదిరింపు చూసి అందరూ వెనక్కి తగ్గుతారన్న నమ్మకానికి ఇందులో ఆధారమేమీ లేదు.

నాకు ఇంకా ముఖ్యమనిపించేది 2008లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం. కారు మీద స్టికర్లు, అలంకారాలు ఎక్కువున్న డ్రైవర్లు రోడ్డు మీద కోపం ఎక్కువ చూపిస్తున్నారని తేల్చారు. స్టికర్ మీద ఏం రాసుందన్నది పెద్ద తేడా చూపలేదట, ఎన్ని ఉన్నాయన్నదే లెక్కకొచ్చింది. కారు అంతా 'నాది, నాది' అనిపించేకొద్దీ అడ్డొచ్చినవాడి మీద కోపం పెరుగుతుందని వాళ్ల వివరణ. గన్ వెంట ఉన్న మనిషికి రోడ్డు మీద కావాల్సింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఎవడైనా కట్ కొడితే కొట్టనివ్వాలి, వేలు చూపిస్తే చూపించనివ్వాలి, పక్క లేన్‌లోకి తప్పుకుని ఇంటికెళ్లిపోవాలి. క్లాసులో గురి కంటే ముందు నేను నేర్పేది ఇదే.

'నన్ను కదిలిస్తే కాలుస్తా' తరహా రాతలైతే అసలే వద్దు. రేపు నిజంగా ఆత్మరక్షణ కోసం కాల్చాల్సి వచ్చి కేసు నడిస్తే, ఆ స్టికర్ ఫొటోని జ్యూరీకి చూపించాలని అవతలి లాయరు ప్రయత్నిస్తాడు. చూపించనివ్వాలా వద్దా అన్నది జడ్జి ఇష్టం. ఆ వాదన జరిగే అవసరమే రాకుండా చూసుకోవచ్చు కదా.

అపోహ: స్టికర్ ఉంటే పోలీసులు ఆపి కారంతా సోదా చేస్తారు

స్టికర్ మీ అభిప్రాయం, రాజ్యాంగం మొదటి సవరణ దాన్ని కాపాడుతుంది. అదొక్కటే చూసి సోదా చేసే అధికారం పోలీసులకు రాదు. వేరే కారణంతో ఆపితే మాత్రం మిమ్మల్ని కారు దిగమనొచ్చు, 1977లోనే సుప్రీంకోర్టు ఆ అధికారం ఇచ్చింది. రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉంచండి. రాత్రయితే లోపలి లైటు వేయండి. మీకు హ్యాండ్‌గన్ లైసెన్స్ ఉండి గన్ కూడా దగ్గరుంటే, ఐడీ అడిగినప్పుడు డ్రైవింగ్ లైసెన్స్‌తో పాటు హ్యాండ్‌గన్ లైసెన్స్ కూడా చూపించాలని టెక్సాస్ చట్టం. గన్ ఎక్కడుందో నోటితో చెప్పండి, చెయ్యి అటు పోనివ్వకండి.

అపోహ: స్టికరే కదా, హెచ్‌1బీలో ఉన్నా ఏమీ కాదు

స్టికర్‌కి ఏమీ కాదు. నా భయమంతా దాని వెనకుండే ధోరణి గురించే. ఫ్రెండు ట్రక్కుకి స్టికర్ చూసి ముచ్చటపడి, వాళ్లతో కాల్పులు ప్రాక్టీసు చేసే రేంజ్‌కి వెళ్లి, గన్ చేత్తో పట్టుకుని ఫొటో దిగే కుర్రాళ్లు ఉన్నారు. హెచ్‌1బీ, హెచ్4, ఎఫ్1, బీ2, ఇవన్నీ నాన్ ఇమిగ్రెంట్ (తాత్కాలికంగా ఉండడానికి ఇచ్చే) వీసాలు. ఆ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గరుంచుకోవడం ఫెడరల్ నేరం, 15 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. రేంజ్‌లో అద్దెకు తీసుకున్న గన్‌కైనా ఇదే వర్తిస్తుంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, కానీ ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడకుండా వాటిని నమ్ముకోకండి. తుపాకీ నేరంలో దోషిగా తేలితే గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లను కూడా వెనక్కి పంపేయొచ్చు.

మీరు సిటిజెన్ అయినా, ఇంటికి అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తారు. వాళ్ల చేతికందే చోట గన్ ఉంచకండి. గన్ దాచే సేఫ్ కోడ్ మీకు మాత్రమే తెలియాలి. నాన్నగారిని కారులో కూర్చోబెట్టి మీరు షాపులోకి వెళ్లేటప్పుడు కన్సోల్‌లో గన్ వదిలి వెళ్లకండి.

అపోహ: 'కమ్ అండ్ టేక్ ఇట్' అంటే టెక్సాస్ చరిత్ర, గన్ స్టికర్ కాదు

చరిత్రే. 1835 అక్టోబర్‌లో గొంజాలెస్ ఊరివాళ్లు తమ ఫిరంగిని మెక్సికో సైన్యానికి ఇచ్చేది లేదంటూ ఎగరేసిన జెండా మీది మాట అది, 'వచ్చి తీసుకో చూద్దాం' అని అర్థం. ఇప్పుడు అమ్మే స్టికర్లలో చాలావాటి మీద ఫిరంగి బదులు ఏఆర్-15 రైఫిల్ బొమ్మ ఉంటోంది. పార్కింగ్ లాట్‌లో దొంగకి ఆ బొమ్మ చాలు.

అపోహ: టెక్సాస్‌లో చెల్లితే అంతటా చెల్లుతుంది

సెలవులకు కారేసుకుని న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న చుట్టాలింటికో, నయాగరాకో వెళ్లేవాళ్లు ఇది చదవండి. న్యూజెర్సీ, న్యూయార్క్ రాష్ట్రాలు టెక్సాస్ లైసెన్స్‌ని గుర్తించవు. నయాగరాలో వంతెన దాటితే కెనడా, అక్కడి చట్టం ఇంకా కఠినం. టెక్సాస్ నంబర్ ప్లేటు, వెనక గన్ లోగో చూసిన సరిహద్దు అధికారి గన్ గురించి గుచ్చి గుచ్చి అడిగితే తప్పు పట్టలేం. లరేడో దాటి మెక్సికో వెళ్లేవాళ్లయితే సీటు కింద దొర్లిపోయిన ఒక్క తూటా కూడా లేకుండా చూసుకోవాలి, దానికే అక్కడ అరెస్టు చేయొచ్చు.

ఇక తీసేసే పద్ధతి. హెయిర్ డ్రయ్యర్‌తో స్టికర్ అంచుని వేడి చేసి, పాత ప్లాస్టిక్ కార్డు ఏదైనా తీసుకుని మూల నుంచి మెల్లగా లేపండి. వెనకద్దం లోపలివైపు మంచు కరిగించే సన్నటి గీతలుంటాయి. స్టికర్ లోపలివైపు అంటించి ఉంటే బ్లేడు వాడకండి, గీత తెగితే ఆ వరస పనిచేయదు. మిగిలిన జిగురు మీద కొద్దిగా వంటనూనె రాసి, కాసేపాగి సబ్బునీళ్లతో తుడిచేయండి. అద్దం ఆరేలోపు ఇంట్లోకి వెళ్లి గన్ సీరియల్ నంబర్ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. గన్ పోయినప్పుడు పోలీసులు మొదట అడిగేది ఆ నంబరే, చాలామంది దగ్గర అది ఉండదు.