అరుదైన నిద్ర జబ్బులు: ఓపీలో తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నేను నిద్ర సమస్యలు చూసే న్యూరాలజిస్టుని. నా దగ్గరకు ఎక్కువమంది గురకతోనో, నిద్ర పట్టడం లేదనో వస్తారు. కొద్దిమంది మాత్రం చాలా చోట్ల తిరిగి తిరిగి చివరికి ఇక్కడికి చేరతారు. కొందరి మెడలో తాయెత్తు ఉంటుంది. కొందరి ఫైల్లో ఎప్పటినుంచో వాడుతున్న ఫిట్స్ మందుల చీటీలు ఉంటాయి. ఇంకొందరైతే ఇంట్లో, కాలేజీలో మాటలు పడీ పడీ తమది నిజంగానే బద్ధకమని నమ్మేసి ఉంటారు. జబ్బు పెట్టే బాధ ఒక ఎత్తు, దానికి తప్పు పేరు పెట్టడం వల్ల పడే బాధ మరో ఎత్తు. ఈ రెండోదాన్ని మనం తగ్గించగలం.

ముందు ఒక చిన్న విషయం. మన మెదడుకి మూడు స్థితులున్నాయి: మెలకువ, మామూలు నిద్ర, కలల నిద్ర. ఈ కలల నిద్రనే రెమ్ నిద్ర అంటాం. నిద్ర పట్టిన గంటన్నరకి అటూ ఇటూగా అది మొదటిసారి వస్తుంది. ఆ సమయంలో మెదడు చురుగ్గా కలలు కంటుంది. కానీ ఊపిరి తీయించే డయాఫ్రమ్, కళ్లను కదిపే కండరాలు తప్ప మిగతా ఒళ్లంతా పట్టు వదిలేస్తుంది. కలలో పరిగెత్తినా మన కాళ్లు కదలకపోవడానికి కారణం అదే. నేను కింద చెప్పే జబ్బుల్లో చాలావరకు ఒక స్థితి ఇంకో స్థితిలోకి చొరబడటం వల్ల వచ్చేవే.

అపోహ: పగలంతా తూగుతున్నాడంటే బద్ధకం, లేదా రాత్రంతా ఫోన్ చూస్తున్నాడు.

చాలామంది విషయంలో ఇది నిజమే కావచ్చు. కానీ రాత్రి సరిపడా పడుకున్నా రోజూ క్లాసులో, భోజనం దగ్గర, మాట్లాడుతూ మాట్లాడుతూనే కన్ను మూతపడుతోందంటే నార్కోలెప్సీ గురించి ఆలోచించాలి. ఈ పేరు పెట్టింది జెలినో అనే ఫ్రెంచి వైద్యుడు, 1880లో. కారణం తెలియడానికి మాత్రం నూరేళ్లు దాటింది. 1998లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా మెదడులో ఒకే రసాయనాన్ని కనిపెట్టాయి. ఒకరు హైపోక్రెటిన్ అన్నారు, ఇంకొకరు ఒరెక్సిన్ అన్నారు. మెలకువకీ నిద్రకీ మధ్య తలుపుకి అది గడియ లాంటిది. 2000లో నార్కోలెప్సీతో బతికి చనిపోయినవాళ్ల మెదళ్లను పరీక్షిస్తే, ఈ రసాయనాన్ని తయారుచేసే కణాలు దాదాపు మాయమైపోయి కనిపించాయి. అంటే పట్టుదలతో జయించాల్సిన సోమరితనం కాదిది. మెదడులో ఒక రకం కణాలు నశించిపోవడం.

సాధారణంగా టీనేజ్‌లోనో, ఇరవైల్లోనో మొదలవుతుంది. మన పిల్లలకి అది ఇంటర్, ఈఏపీసెట్, నీట్ కోచింగ్ వయసు. తెల్లవారుజామున లేపి స్టడీ అవర్లో కూర్చోబెడితే ఈ పిల్లలు నిలబడి కూడా నిద్రపోతారు. కుంభకర్ణుడని పేరు పెట్టేస్తారు. విచిత్రం ఏమిటంటే, 24 గంటలూ లెక్కేస్తే వీళ్లు మిగతావాళ్లకన్నా పెద్దగా ఎక్కువేమీ నిద్రపోరు. పగలు ఆపుకోలేని నిద్ర, రాత్రి మాటిమాటికీ మెలకువ, అంతే. కొందరు పిల్లలు జబ్బు మొదలైన కొత్తల్లోనే ఉన్నట్టుండి బరువు పెరుగుతారు. అప్పుడు తిండి మీద కూడా తిట్లు మొదలవుతాయి.

నిర్ధారణకి రాత్రి స్లీప్ స్టడీ (నిద్రలో మెదడు, ఊపిరి, కండరాల తీరును యంత్రంతో నమోదు చేసే పరీక్ష) చేసి, మర్నాడు పగలు రెండేసి గంటలకోసారి నాలుగైదు సార్లు పడుకోబెట్టి చూస్తాం. సగటున 8 నిమిషాల్లోపే నిద్రలోకి జారిపోతూ, కనీసం రెండుసార్లు నేరుగా కలల నిద్రలోకే వెళ్తే అనుమానం బలపడుతుంది. పూర్తిగా నయం చేసే మందు ఇంకా రాలేదు. అయినా మొడాఫినిల్ లాంటి మందులతో, మధ్యాహ్నం 15, 20 నిమిషాల కునుకుతో చాలామంది చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. తల్లిదండ్రులకు నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: ఆ కునుకుని కాలేజీవాళ్లతో మాట్లాడి టైమ్‌టేబుల్లో పెట్టించండి. నిద్ర అదుపులోకి వచ్చేదాకా బైకు తాళం ఇవ్వకండి.

అపోహ: నవ్వుతూ నవ్వుతూ కూలబడితే అది ఫిట్స్, లేదా నటన.

నార్కోలెప్సీ ఉన్నవాళ్లలో చాలామందికి దీనితోపాటు కాటాప్లెక్సీ ఉంటుంది. గట్టిగా నవ్వినప్పుడో, ఆశ్చర్యపోయినప్పుడో మోకాళ్లు వంగిపోతాయి, దవడ వేలాడుతుంది, చేతిలో గ్లాసు జారిపోతుంది. కొన్ని సెకన్ల నుంచి ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. కలల నిద్రలో రావాల్సిన ఆ కండరాల సడలింపు మెలకువలో వచ్చేస్తుందన్నమాట. ఆ సమయంలో స్పృహ పూర్తిగా ఉంటుంది, చుట్టూ ఉన్నవాళ్లు అనే ప్రతి మాటా వినపడుతుంది. ‘నాటకాలాడుతున్నాడు’ అన్న మాట కూడా. అందుకే కొందరు పిల్లలు నవ్వడమే మానేస్తారు, స్నేహితులకు దూరంగా కూర్చుంటారు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టే విషయం ఇదే. వెన్లాఫాక్సిన్ లాంటి మందులతో చాలావరకు అదుపులోకి వస్తుంది. ఫిట్స్ మందులు వేసుకుంటూ కూర్చుంటే తగ్గదు.

అపోహ: రాత్రి గుండెల మీద దెయ్యం కూర్చుంటుంది.

మెలకువ వస్తుంది, కళ్లు తెరుచుకుంటాయి, కానీ ఒళ్లు కదలదు, గొంతు పెగలదు. గదిలో ఎవరో ఉన్నట్టు, ఛాతీ మీద కూర్చుని ఊపిరి ఆపుతున్నట్టు అనిపిస్తుంది. దీన్ని స్లీప్ పెరాలిసిస్ అంటాం. మెదడు లేచింది కానీ కలల నిద్ర తాలూకు పక్షవాతం ఇంకా వదల్లేదు. కల కూడా పూర్తిగా పోలేదు. వందలో ఏడెనిమిది మందికి జీవితంలో ఒక్కసారైనా వస్తుంది కాబట్టి దీన్ని అరుదు అనలేం. గాలి సోకిందని మనవాళ్లు అంటారు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ముసలి మంత్రగత్తె అంటారు. జపానులో కనషిబరి అంటారు. ఎక్కడివాళ్లైనా చెప్పే బరువు, భయం ఒకటే.

ప్రాణాపాయం లేదు. ఊపిరి ఆగదు. నిద్ర చాలనప్పుడు, నైట్ షిఫ్టులు మారినప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువగా వస్తుంది. కాబట్టి వేళకి పడుకోవడం, పక్కకి తిరిగి పడుకోవడమే మొదటి వైద్యం. వచ్చినప్పుడు మొత్తం శరీరంతో పెనుగులాడకుండా ఒక్క వేలు కదపడానికి ప్రయత్నించమని చెబుతాను. పూజ చేయించుకుంటే ధైర్యం వస్తుందంటే నేను కాదనను. భయం తగ్గడం కూడా అవసరమే. కానీ కొట్టడం, వాతలు పెట్టడం, పస్తులుంచడం మాత్రం హింసే. స్లీప్ పెరాలిసిస్‌కి తోడు పగటి నిద్ర కూడా ఉంటే నార్కోలెప్సీ కోసం తప్పక చూపించాలి.

అపోహ: పెద్దవయసులో నిద్రలో కేకలు, తన్నులు మామూలే.

ఇక్కడ దయచేసి ఆగి చదవండి. యాభై దాటాక కొత్తగా, ముఖ్యంగా తెల్లవారుజామున, కలలో ఎవరితోనో కొట్లాడుతున్నట్టు చేతులు విసరడం, మంచం మీంచి దూకడం, పక్కనున్న భార్యకి దెబ్బ తగలడం జరుగుతుంటే అది రెమ్ స్లీప్ బిహేవియర్ డిజార్డర్ కావచ్చు. కలలో కండరాలు సడలకపోవడం వల్ల కలని ఒళ్లంతా ఆడేస్తుంది. పిల్లుల్లో మెదడు కాండంలోని ఒక భాగాన్ని దెబ్బతీస్తే అవి నిద్రలోనే వేటాడినట్టు కదులుతాయని ఫ్రాన్స్‌లో మిషెల్ జువే 1960ల్లోనే చూపించారు. మనుషుల్లో దీన్ని జబ్బుగా 1986లో అమెరికాలో షెంక్, మహోవాల్డ్ వర్ణించారు.

పగలు ఆ మనిషి ఎంతో నెమ్మదస్తుడై ఉండొచ్చు. ‘ముప్ఫై ఏళ్లలో చెయ్యెత్తని మనిషి ఇప్పుడిలా’ అని భార్యలు ఏడుస్తారు. లోపల దాచుకున్న కోపమేమో అనుకుంటారు. కాదమ్మా, అది కోపం కాదు.

వేరే కారణం లేకుండా ఈ జబ్బు వచ్చినవాళ్లలో ఎక్కువమందికి కాలక్రమంలో పార్కిన్సన్స్ గానీ, దాని కుటుంబానికి చెందిన మతిమరుపు జబ్బు గానీ వస్తుంది. చాలా కేంద్రాల రోగులను కలిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో 12 ఏళ్లకి అలా వచ్చినవాళ్లు 70 శాతం దాటారు. ఇది చెప్పాలా వద్దా అని డాక్టర్లలోనే వాదన ఉంది. ఎంత తెలుసుకోవాలనుకుంటున్నారో ముందు అడిగి, అడిగినంతా దాచకుండా చెప్పాలన్నది నా అభిప్రాయం. ఏటా పరీక్షలు చేయించుకుంటూ, వ్యాయామం కొనసాగించుకునే అవకాశం వాళ్లకి ఉండాలి. గురకలో ఊపిరి ఆగేవాళ్లు, కొన్ని డిప్రెషన్ మందులు వాడేవాళ్లు కూడా ఇలాగే ప్రవర్తించొచ్చు కాబట్టి వీడియోతో కూడిన స్లీప్ స్టడీ లేకుండా నిర్ణయానికి రాకూడదు. మెలటోనిన్, క్లోనజెపామ్ పనిచేస్తాయి. ఈలోగా పరుపు నేల మీద వేయండి, గాజు సామాను, పదునైన వస్తువులు తీసేయండి, కొన్నాళ్లు వేరుగా పడుకోండి.

అపోహ: వారాల తరబడి నిద్రపోతే చేతబడి.

క్లైన్ లెవిన్ సిండ్రోమ్ పది లక్షల్లో ఒకరిద్దరికి వస్తుంది, ఎక్కువగా టీనేజ్ అబ్బాయిలకి. తరచూ ఏదో జ్వరం తర్వాత మొదలవుతుంది. రోజుకి 16 నుంచి 20 గంటలు నిద్ర, లేచినప్పుడు అయోమయం, కొందరిలో విపరీతమైన తిండి, చుట్టూ ఉన్నదంతా కలలా అనిపించడం. కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఒక విడతకీ మరో విడతకీ మధ్యలో నెలల తరబడి పూర్తిగా మామూలుగా ఉంటారు. అందుకే పూజ వల్ల తగ్గిందనో, మందు పనిచేసిందనో అనుకుంటారు. చాలామందికి కొన్నేళ్లలో దానంతటదే ఆగిపోతుంది. మాటిమాటికీ వచ్చేవాళ్లకి లిథియం ఇస్తాం.

అపోహ: నిద్రలో నడిచేవాళ్లని లేపితే ప్రాణం పోతుంది.

పోదు. గాఢనిద్రలోంచి లేచి తికమకపడతారు, ఒక్కోసారి నెట్టేస్తారు. మెల్లగా మంచం దగ్గరకి నడిపించడం మంచిది. పిల్లల్లో ఇది ఎక్కువగా వయసుతో పోతుంది. పెద్దవాళ్లలో కొత్తగా మొదలైతే జోల్పిడెమ్ లాంటి నిద్ర మాత్ర వాడుతున్నారేమో చూడండి. నిద్రలోనే వండటం, బండి నడపడం దాకా వెళ్లిన సంఘటనల వల్ల అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లో దానిపై తీవ్ర హెచ్చరిక వేయించింది.

అపోహ: నిద్ర పట్టడం లేదంటే ఏదో ప్రాణాంతక జబ్బే.

ఇంటర్నెట్లో చదివి టెన్షన్‌తో వచ్చేవాళ్ల కోసం ఇది. ఫేటల్ ఫ్యామిలియల్ ఇన్‌సోమ్నియా, అంటే వంశపారంపర్యంగా వచ్చే ప్రాణాంతక నిద్రలేమి, నిజంగానే ఉంది. 1986లో లుగారెసి బృందం ఒక ఇటాలియన్ కుటుంబంలో దాన్ని వర్ణించింది. ప్రియాన్ ప్రొటీన్ జన్యువులో మార్పు వల్ల వస్తుంది, ప్రపంచం మొత్తం మీద కొద్ది కుటుంబాల్లోనే ఉంది. మీ ఇంట్లో తరతరాలుగా అలా ఎవరూ చనిపోకపోతే మీ నిద్రలేమికి వేరే కారణం వెతకాలి. అలాగే నిద్ర పట్టే క్షణంలో తలలో బాంబు పేలినట్టు శబ్దం వినపడి, నొప్పేమీ లేకపోతే, అది మెదడులో గడ్డ కాదు. భయపెడుతుందే తప్ప హాని చెయ్యదు.

డాక్టర్ దగ్గరకి వెళ్లేటప్పుడు రాత్రి ఏం జరిగిందో చూసినవాళ్లని వెంట తీసుకెళ్లండి. వీలైతే ఫోన్లో వీడియో తీయండి, టైము కనపడేలా. రెండు వారాలపాటు పడుకున్న వేళ, లేచిన వేళ, పగటి కునుకులు కాగితం మీద రాయండి. వాడుతున్న ప్రతి మందు చీటీ, ఆయుర్వేదం పొట్లాలతో సహా, సంచిలో వేసుకెళ్లండి. మందులేవీ మీ అంతట మీరు ఆపకండి.