నీటికాసుల చుక్కలు: కాలబార్ గింజ నుంచి లాటనోప్రోస్ట్ దాకా

నీటికాసులకు (గ్లాకోమాకు) డాక్టర్లు ఎక్కువగా రాసే చుక్కల మందులు రెండు: టిమోలాల్, లాటనోప్రోస్ట్. రెండూ కంట్లో ప్రెషర్ తగ్గించేవే. అలాంటప్పుడు ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి ఎందుకు? ఈ చుక్కలు ఎలా వచ్చాయో చూస్తే సంగతి అర్థమవుతుంది.

నేటి నైజీరియాలోని కాలబార్ ప్రాంతంలో నేరం చేశాడని నిందపడ్డవాడికి ఒక విషపు గింజ తినిపించేవారు. బతికి బయటపడితే నిర్దోషి. ఆ గింజ రసం కంటిపాపను ముడుచుకునేలా చేస్తుందని 1860లలో ఎడిన్‌బరో వైద్యులు కనిపెట్టారు. గింజలోంచి తీసిన ఫైసోస్టిగ్మిన్‌ను 1876లో లుడ్విగ్ లాకర్ అనే కంటి వైద్యుడు నీటికాసులకు వాడాడు. ఆయనకూ అదే జబ్బు ఉండేది. ఈ చరిత్రంతటిలో నన్ను ఎక్కువగా కదిలించేది ఈ ఒక్క సంగతే.

ఆ రోజుల్లోనే బ్రెజిల్ జాబొరాండి ఆకుల నుంచి పైలోకార్పిన్ వచ్చి, దాదాపు వందేళ్లు నిలిచింది. కానీ రోజుకు నాలుగుసార్లు వేసుకోవాలి. కనుబొమల దగ్గర నొప్పి. కంటిపాప చిన్నదై చీకట్లో చూపు ఆనదు.

1978లో అమెరికాలో అనుమతి పొందిన టిమోలాల్ ఆ బాధలు తప్పించింది. కంటిపాపను ముట్టుకోదు, కంట్లో నీరు ఊరడాన్ని తగ్గిస్తుంది. చిక్కల్లా, కంట్లో వేసిన చుక్క ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరి బిగుస్తుంది, గుండె వేగం పడిపోతుంది. చుక్కల మందే కదా అని ఉబ్బసం సంగతి డాక్టరుకు చెప్పకపోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

ఒంట్లోనే తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు కంట్లో వాపు తెస్తాయనీ, ప్రెషర్ పెంచుతాయనీ అప్పట్లో అందరూ నమ్మేవారు. 1956 తిరుగుబాటు తర్వాత హంగరీ వదిలి వచ్చిన లాస్లో బిటో, కొలంబియా విశ్వవిద్యాలయంలో వాటిని కొద్ది మోతాదులో వాడి చూస్తే ప్రెషర్ తగ్గింది. ఆ దారిలోనే స్వీడన్‌లో తయారైన లాటనోప్రోస్ట్‌కు 1996లో అమెరికా అనుమతి దొరికింది. రాత్రి ఒక్క చుక్క చాలు. టిమోలాల్ ప్రెషర్‌ను 20–25 శాతం దించితే, ఇది 25–33 శాతం దించుతుంది. కనురెప్పల వెంట్రుకలు పొడుగవడం, కంటి చుట్టూ నల్లబడటం, కంటి రంగు మారడం దీనితో వచ్చే తంటాలు. మనలాంటి ముదురు గోధుమరంగు కళ్లలో ఆ రంగు మార్పు పెద్దగా కనబడదు.

ఇవి కాక డోర్జోలమైడ్, బ్రిమోనిడిన్, నెటార్సుడిల్ అనే చుక్కలూ ఉన్నాయి. బ్రిమోనిడిన్ పసిపిల్లలకు వాడకూడదు, మత్తులోకి జారిపోతారు.

ఈ జబ్బులో చాలామందికి నొప్పి ఉండదు, కాబట్టి చుక్క మానేసినా తేడా తెలియదు. రోజుకు ఎన్నిసార్లు వేసుకోవాలన్నది అందుకే అంత ముఖ్యం. బ్రిటన్‌లో చుక్కలకు బదులు ముందుగా లేజర్ చేసి చూసిన పరిశోధన 2019లో వెలువడింది. లేజర్ చేయించుకున్నవారిలో 74 శాతం మందికి మూడేళ్ల తర్వాత కూడా చుక్కల అవసరం పడలేదు.